కాల్షియం లేని వరుస

ఈరోజు మామూలు పనే, ఎన్‌కే కణాల పరీక్ష. ఎన్‌కే అంటే నేచురల్ కిల్లర్, చెడిపోయిన కణాల్ని చంపే ఒక రకం తెల్లకణాలు. రక్తం గది వేడిలోనే ఉంచాం. ఫ్రిజ్‌లో పెడితే ఈ కణాలు చంపే శక్తి కోల్పోతాయి, మరుసటి రోజుకి ఇంకా తగ్గిపోతుంది. ఫైకాల్ అనే చిక్కటి ద్రావణం మీద తెల్లకణాలు వేరు చేశాక వాటికి ఎరగా కె562 కణాలు. ఇవి ఒక ల్యూకేమియా రోగి నుంచి వచ్చినవి. వీటి మీద ఎంహెచ్‌సీ క్లాస్-1 అణువులు, అంటే 'నేను మన కణాన్నే' అని చెప్పే గుర్తులు, దాదాపు ఉండవు.

అసలు కీలకం అదే. మన కణాల్లో ఎర్రకణాలు వదిలేస్తే దాదాపు అన్నీ ఆ అణువుల్ని పైకి చూపిస్తూ ఉంటాయి. ఎన్‌కే కణం తడిమి చూసి వదిలేస్తుంది. ఆ అణువుల్ని చూసే శత్రువును గుర్తించే టీ కణాల (ఇంకో రకం తెల్లకణాల) కంట పడకూడదని వైరస్ సోకిన కణమో, క్యాన్సర్ కణమో వాటిని దాచేస్తే, ఆ దాపరికమే ఎన్‌కే కణానికి పట్టిస్తుంది. అదొక్కటే చాలదు, పక్కన రెచ్చగొట్టే సంకేతం కూడా ఉండాలి.

కె562కి కాల్సీన్ అనే మెరిసే రంగు ఎక్కించడానికి 37 డిగ్రీల్లో అరగంట, తర్వాత రెండు కడుగుళ్లు. గుండ్రటి అడుగున్న 96 వెల్స్ (చిన్న గుంటల) ప్లేటులో వెల్‌కి 10,000 చొప్పున. ఒక్కో ఎర కణానికి తెల్లకణాలు 50:1, 25:1, 12.5:1. ప్రతిదీ మూడేసి వెల్స్‌లో. సెంట్రిఫ్యూజ్‌లో ఒక నిమిషం మెల్లగా తిప్పాలి, కణం కణాన్ని తాకకపోతే చావు జరగదు. నాలుగు గంటలు ఆగి, చచ్చిన కణాల నుంచి పై ద్రవంలోకి కారిన రంగు కొలవాలి. అంతకంటే ఎక్కువ ఉంచితే కాల్సీన్ తనంతట తానే కారిపోతుంది. తెల్లకణాలు కలపని వెల్స్‌లో కారిన రంగు, ట్రైటాన్ అనే సబ్బులాంటి ద్రవంతో ఎర కణాలన్నీ పగలగొట్టిన వెల్స్‌లోని రంగులో పావు వంతు దాటితే ఆ ప్లేటు పారేయడమే. కిక్కిరిసి పెరిగిన పాత కె562 వాడినా, పిపెట్‌తో గట్టిగా కొట్టినా అలాగే అవుతుంది.

అన్నిటికంటే నాకు ముఖ్యమైంది మెగ్నీషియం, ఈజీటీఏ కలిపిన వరుస. ఈజీటీఏ కాల్షియంని పట్టేసుకుంటుంది కాబట్టి అక్కడ కాల్షియం దొరకదు. కణాలు అతుక్కుంటాయి, కానీ చంపలేవు. కాల్షియం ఉంటేనే ఎన్‌కే కణం లోపలి సంచులు ఖాళీ అవుతాయి, వాటిలోని పెర్ఫోరిన్ అనే ప్రోటీన్ ఎర కణం పొరను పట్టుకుంటుంది. సుమారు 20 పెర్ఫోరిన్ అణువులు గాజులా వలయం కడతాయి. ఆ రంధ్రం సాయంతో సంచుల్లోని గ్రాంజైమ్-బి అనే ఎంజైము లోపలికి చేరి, ఎర కణంలో నిద్రపోతున్న కాస్పేజ్-3 అనే ఎంజైమును కోసి మేల్కొలుపుతుంది. ఆ తర్వాత కణం తనను తానే ముక్కలు చేసుకుంటుంది.

ఈ పరీక్ష ఎక్కువగా అడిగేది హెచ్‌ఎల్‌హెచ్ (రోగనిరోధక కణాలు అదుపు తప్పి సొంత శరీరాన్నే దెబ్బతీసే జబ్బు) అనుమానం ఉన్న పసిపిల్లలకి. తగ్గని జ్వరం, పెరిగిన ప్లీహం, పడిపోయే ప్లేట్‌లెట్లు, రక్తంలో ఆకాశాన్నంటే ఫెరిటిన్ (ఇనుమును దాచే ప్రోటీన్). పెర్ఫోరిన్ జన్యువు చెడితే ఈ జబ్బు వస్తుందని 1999లో తేలింది. చంపలేని కణం శాంతంగా ఉంటుందనుకుంటాం. జరిగేది పూర్తిగా తలకిందులు. ఎర చావదు కాబట్టి హంతక కణం దాన్ని వదిలి రాలేదు. అతుక్కునే ఉండి గామా ఇంటర్‌ఫెరాన్ అనే రెచ్చగొట్టే సంకేతాన్ని కుమ్మరిస్తూ పోతుంది. దాంతో రెచ్చిపోయిన మాక్రోఫేజ్‌లు (మింగేసే కణాలు) మూలుగలో రక్తకణాల్నే మింగేస్తాయి. చంపడం పూర్తయితేనే పోరు ఆగుతుంది.

ఈ ఒక్క అంకె చూసి పసివాడి భవిష్యత్తు తేల్చేయడం నాకు సుతరామూ ఇష్టం ఉండదు. తెల్లకణాల్లో ఎన్‌కే వాటా తక్కువైనా అంకె పడిపోతుంది, స్టెరాయిడ్లు మొదలుపెట్టినా పడిపోతుంది. అందుకే రిపోర్టులో ఎన్‌కే శాతం పక్కనే రాస్తాం. ఫ్లో సైటోమెట్రీలో (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్‌తో చూసే పద్ధతిలో) పెర్ఫోరిన్, సీడీ107ఏ కూడా చూడాలి. సీడీ107ఏ సంచుల పొరలో ఉండే గుర్తు, సంచి తెరుచుకుంటే కణం పైకి వస్తుంది. పెర్ఫోరిన్ లేకుండా సీడీ107ఏ మామూలుగా ఉంటే లోపం పెర్ఫోరిన్‌దే. సీడీ107ఏ పైకి రాకపోతే సంచులే బయటికి తెరుచుకోవడం లేదని అర్థం, అప్పుడు వెతకాల్సిన జన్యువులు వేరు.