నాలుగు కిలోమీటర్ల కోసం నాలుగు టైర్లు

విశాఖ నుంచి అనంతగిరి ఘాట్ వైపు బయల్దేరి, పెందుర్తి దాటి స్పీడు అరవైకి చేరగానే మొదలైంది. తేనెతుట్టె పక్కన కూర్చున్నట్టు ఒకటే రొద. అద్దాలు ఎత్తినా తగ్గలేదు. "బావా, బేరింగ్ పోయినట్టుంది" అన్నాడు వెనక సీట్లోంచి బావమరిది. బేరింగ్ కాదు, పోయిన వారమే వేయించిన, తారుకీ మట్టికీ రెండిటికీ పనికొచ్చే ఆల్-టెరైన్ టైర్లు. వీటి మీద రబ్బరు గుండీలు పెద్దవి, మధ్య గాడులు వెడల్పు. ఒక్కో గుండీ తారును కొట్టినప్పుడు ఒక దెబ్బ, గాడిలో ఇరుక్కున్న గాలి బయటికి తన్నినప్పుడు ఇంకో చప్పుడు. మామూలు హైవే టైర్లలో గుండీలు చిన్నవి. వాటిని చిన్నాపెద్దా కలిపి అమర్చడం వల్ల ఆ చప్పుడు చెదిరిపోతుంది. వీటిలోనూ అలాగే అమరుస్తారు గానీ, గుండీ ఇంత పెద్దదయ్యాక ఎంతని దాస్తారు?

బ్యాలెన్సింగు, అలైన్‌మెంటుతో కలిపి నాలుగింటికీ ముప్పై అయిదు వేలు దాటింది. పాత టైర్లకి షాపులో ఇచ్చిన డబ్బు దారిలో టిఫిన్లకి చాలింది. ఒక్కోటీ పాతదానికన్నా కేజీన్నర పైగా బరువు. ఆ బరువు తిరిగే చక్రం మీదే పడుతుంది కాబట్టి ఎన్‌ఏడీ కూడలిలో ఆగి కదిలిన ప్రతిసారీ బండి బద్ధకిస్తుంది. ఊళ్లో మద్దిలపాలెం నుంచి గాజువాక రోజూ తిరిగే బండికి ఇదంతా ఎందుకంటే, ఏడాదిలో నాలుగైదుసార్లు అనంతగిరి పైన మట్టిదారులు ఎక్కాలి కాబట్టి. లెక్క ఎంత తేలిగ్గా తప్పిందో బొర్రా దగ్గరి గేటువలసలో తెలిసింది.

శృంగవరపుకోటలో టీకి ఆగాం. వెనకే వచ్చిన ఆఫీసు మిత్రుడి బండీ మాదీ ఒకటే మోడల్. కంపెనీ ఇచ్చిన సైజు 215/65 ఆర్16. వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 16 అంగుళాలు. మొత్తం ఎత్తు 686 మిల్లీమీటర్లు వస్తుంది. ఇతను ఆల్-టెరైన్‌కి పోలేదు. "వెడల్పుంటే గ్రిప్ దానంతటదే వస్తుంది గురూ" అని 235/65 హైవే టైర్లు వేయించాడు. ఎత్తు 712కి పెరిగింది, అంటే దాదాపు 4 శాతం. బండి నిజంగా వందలో పోతుంటే మీటరు 96 చూపిస్తుంది. మద్దిలపాలెంలో ఇద్దరం ట్రిప్ మీటరు సున్నా చేసి బయల్దేరితే, గేటువలసలో నాది 92 చూపించింది, అతనిది 89 కూడా నిండలేదు. మైలేజీ పడిపోయిందని అతను పడే బాధలో కొంత ఈ మీటరు మాయే. ఘాట్‌లో హెయిర్‌పిన్ దగ్గర స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు చక్రం లోపలి ప్లాస్టిక్కుకి కర్రుమని రాసుకుంటోంది. షాపులో ఖాళీ బండికి తిప్పి చూశారు, రాయలేదు. అయిదుగురు ఎక్కి సామాను వేశాక సస్పెన్షన్ కిందికి దిగుతుంది, అప్పుడు రాస్తుంది. సైజు మార్చాలనుకుంటే ఎత్తులో తేడా 2 శాతం లోపల ఉంచుకోవడం మంచిది. ఇదే రిమ్ముకి 225/65 వేసుంటే ఆ హద్దులోనే ఉండేది.

షాపులో టైరు పక్కన చూడాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి 98టి లాంటి గుర్తు. 98 అంటే టైరుకి 750 కిలోల బరువు, టి అంటే గంటకి 190 కిలోమీటర్ల వేగం. అక్షరం కాస్త తగ్గినా మన ఘాట్లకి నష్టం లేదు, అంకె మాత్రం కంపెనీ చెప్పినదానికన్నా తగ్గకూడదు. రెండోది డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరస చివరున్న నాలుగంకెలు. 3224 అంటే 2024లో 32వ వారం తయారీ. ఆఫర్ అని అంటగట్టేవాటిలో రెండేళ్ల సరుకు దొరుకుతుంది. అడిగితే మొహం చిట్లిస్తారు, అయినా అడగాలి.

గేటువలస నుంచి కటికి జలపాతం వైపు నాలుగు కిలోమీటర్లు రాళ్లదారి. అద్దాల బోగీలో బొర్రా దాకా వచ్చేవాళ్లకి ఈ టైర్ల గోల లేదు, దిగి జీపెక్కుతారు. మేం మా బండ్లలోనే పోదామనుకున్నాం. చెట్టు కింద జీపుకి ఆనుకున్న డ్రైవరు లేచి వచ్చి నా కొత్త టైరుని బొటనవేలితో నొక్కాడు.

"గాలెంత కొట్టించారు సార్?"

"ముప్పై మూడు."

"ఇంత గట్టిగుంటే రాయి మీద గెంతుతాది. అలాగని మరీ తీసీకండి. పక్కలు ఉబ్బితే రాయికి అక్కడే దొరుకుతాది."

ఇంతకన్నా బాగా చెప్పిన షాపు నేనింకా చూడలేదు. గాలి తగ్గిస్తే టైరు నేలని ఎక్కువ మేర పట్టుకుంటుంది, రాయిని చుట్టుకుని ఎక్కుతుంది. దాంతోపాటే పక్కగోడ ఉబ్బి రిమ్ము కన్నా బయటికొస్తుంది. గుండీలున్న చోట రబ్బరు మందం, కింద ఉక్కు తీగల పొర ఉంటుంది. పక్కగోడలో ఉండేది రబ్బరూ దారాల పొరలే. అక్కడ కోసుకుంటే అతుకు పడదు, టైరు మార్చాల్సిందే. అందుకే పదునైన రాళ్లకి 27, 28 చాలు. బురదకైతే 24 దాకా దిగొచ్చు. ఇసుకకి 18. అంతకన్నా దిగి గట్టిగా మలుపు తిప్పితే టైరు అంచు రిమ్ము వదిలేస్తుంది.

అతని జీపు టైర్లు చూశాను. 6.00-16, ట్యూబువి, ట్రాక్టరుకున్నట్టు అడ్డంగా లావుపాటి గట్లు. సన్నటివి. రాళ్ల సందుల్లోంచి సన్న టైరు తప్పించుకుని పోతుంది, వెడల్పుది అన్నిటికీ తగులుతుంది. గాలి మాత్రం తగ్గించడట. ట్యూబు టైర్లో గాలి తగ్గితే టైరు రిమ్ము మీద జారి వాల్వుని మొదలంటా చింపేస్తుంది. పంక్చరైతే టైరు ఊడదీసి, అతుకేసి, చేతిపంపుతో కొట్టేది అతనే. "మీది పక్క కోసీసిందనుకోండి, కోటకెళ్లాల." కోటంటే శృంగవరపుకోట.

ఛార్జీ వినగానే నోరు చేదైంది, సీజన్లో బేరం సాగదు. అయినా బండ్లు అక్కడే వదిలి జీపెక్కాం. ఆ నాలుగు కిలోమీటర్ల కోసమే కొన్న టైర్లు చెట్టు నీడన పడుకున్నాయి! జీపులో వెనక కూర్చుని చక్రాన్నే చూస్తూ పోయాను. పెద్ద రాయి వస్తే అతను దాన్ని రెండు చక్రాల మధ్యకి రానివ్వడు, చక్రాన్నే దాని మీదికి ఎక్కిస్తాడు, నడక వేగంలో. మధ్యకి వస్తే కిందున్న గేర్‌బాక్సుకి తగులుతుంది. జలపాతం బాగుంది. గోస్తనీ నీళ్లు. అవే తాటిపూడికి చేరి మా విశాఖ కుళాయిల్లోకి వస్తాయి, మిగతావి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తాయి.

కొత్త టైర్లకి అసలు పని సాయంత్రం పడింది. మేం దిగాల్సిన బస కాఫీ తోటలో, మూడొందల మీటర్ల పొడవున్న ఎర్రమట్టి ఎత్తు పైన. అల్పపీడనం వానకి మట్టి ముద్దైపోయింది. రెండో గేరులో ఒకే వేగంతో ఆపకుండా ఎక్కిస్తే నా బండి ఊగుతూ ఎక్కేసింది. మిత్రుడిది సగంలో ఆగింది. దిగి చూస్తే టైరుకి గాడులే లేవు, అంతా నున్నటి ఎర్రటి పూత. సన్నటి గాడుల్లో బంకమట్టి నిండితే ఎంత వెడల్పు టైరైనా కుండలా జారుతుంది. యాక్సిలరేటరు నొక్కేకొద్దీ గొయ్యి లోతవుతోంది. నాలుగింటికీ 24కి గాలి దించి, పుల్లతో గాడులు గీకి, చక్రాల ముందు ఎండు సిల్వర్ ఓక్ కొమ్మలు పరిచి, వెనక్కి ఒక బండి పొడవు తీసి మళ్లీ ఎక్కిస్తే వచ్చేసింది. నా టైర్లూ బురదకి గొప్పవేం కావు, ఇంకో గంట వాన పడుంటే అవీ నిండిపోయేవి. బురద కోసమే చేసిన మడ్ టెరైన్‌కి పోతే పెందుర్తి రొద రెట్టింపవుతుంది, తడి తారు మీద పట్టు ఇంకా పోతుంది. సిటీ బండికి ఆ మాటే వద్దు.

తెల్లారి చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే గేజీ పెట్టాను. విశాఖలో 33 ఉన్న టైరు ఇక్కడ 31 చూపిస్తోంది. పంక్చర్ కాదు. ఊళ్లో ముప్పై డిగ్రీలు, ఇక్కడ పది. ఆ చలికి మూడు పాయింట్లు పడిపోతుంది. ఎత్తులో బయటి గాలి పలచబడినందుకు ఒకటిన్నర దాకా తిరిగొస్తుంది. కంగారుపడి 33 చేస్తే కిందికి దిగేసరికి 35 అవుతుంది. అలాగే వదిలేశాను. మిత్రుడి టైర్లకి మాత్రం చిన్న ఇన్‌ఫ్లేటరుతో 24 నుంచి 31కి ఎక్కించాం. ఒక్కోదానికీ నాలుగు నిమిషాలు, మధ్యలో అది వేడెక్కితే ఆపాలి. మర్చిపోయి 24తో ఘాట్ దిగితే పక్కగోడలు మడతపడి మడతపడి వేడెక్కిపోతాయి.

దిగేటప్పుడు వాన. తడి తారు మీద నా బండి ఎప్పుడూ ఆగేచోట కన్నా కాస్త ముందుకెళ్లి ఆగడం రెండుసార్లు తెలిసింది. గాడులు వెడల్పంటే నేలని తాకే రబ్బరు తక్కువ, పైగా రాళ్లకి తట్టుకోవాలని రబ్బరు గట్టిగా చేస్తారు. మిత్రుడి బండి హాయిగా దిగింది.

తీరా కోట దగ్గరికి వచ్చేసరికి నా వెనక ఎడమ టైరు 22కి దిగింది. పంక్చర్ షాపులో నీళ్లు చల్లితే గుండీల మధ్య బుడగలు. గాడుల్లో ఇరుక్కున్న గులకరాళ్లని స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటే ఊడపెరికాడు, పదిహేను దాకా. అవేవీ కావు. పట్టకారుతో లాగితే వచ్చింది రేకుల కప్పుకి వాడే స్క్రూ, తల అరిగి మెరుస్తోంది. అంతగా అరిగిందంటే గాజువాక రోడ్డు మీద ఎక్కిందే అయి ఉంటుంది. పైనుంచి గుచ్చే స్ట్రిప్ కాకుండా, టైరు ఊడదీసి లోపలినుంచి మష్రూమ్ ప్యాచ్ వేయమన్నాను. అరగంట పట్టింది. బావమరిది స్టెప్నీలో గాలి చూస్తానని వెనక్కెళ్లాడు. 14 ఉంది.