పాత షెవీకి రెండో ట్యాంకు: రాత్రిపూట చోటు మారుతున్న పెట్రోలు

నా పాత షెవ్రోలే పికప్‌కు కుడి పక్కనున్న ట్యాంకుతో పాటు వెనక ఇంకోటి బిగించాను. సాయంత్రం ట్రక్కు ఆపాక కుడి ట్యాంకు సెండర్ (లోపలి పెట్రోలు మట్టాన్ని గేజికి చెప్పే పరికరం) దగ్గర మల్టీమీటర్ పెడితే 41 ఓమ్‌లు చూపించింది. తెల్లవారి చూస్తే 59. ఈ మధ్యలో ఇంజిను స్టార్ట్ చేయలేదు, పెట్రోలు పోయలేదు, ట్యాంకు మార్చే స్విచ్చు ముట్టుకోలేదు. ఆ కాలపు జీఎం (జనరల్ మోటార్స్) సెండర్లు ట్యాంకు ఖాళీగా ఉంటే 0, నిండుగా ఉంటే 90 ఓమ్‌లు చూపిస్తాయి. నా కుడి ట్యాంకు 20 గ్యాలన్లది కాబట్టి ఒక ఓమ్‌కు సుమారు 0.22 గ్యాలన్ అనుకోవచ్చు. అంటే రాత్రికి రాత్రే 4 గ్యాలన్లు, దగ్గర దగ్గర 15 లీటర్లు, వెనక ట్యాంకులోంచి కుడి ట్యాంకులోకి వచ్చి చేరాయి. పది గంటలకు సర్దితే నిమిషానికి 25 మిల్లీలీటర్లు. చూడడానికి చిన్న ధారే, కానీ కుడి ట్యాంకు అప్పటికే నిండుగా ఉండి ఉంటే ఆ పదిహేను లీటర్లూ మూత పక్కనుంచి నేల మీదకు కారేవి. అందుకే ఈ సంగతి తేలేదాకా ట్రక్కును గరాజులో పెట్టడం లేదు, కుడి ట్యాంకును సగానికి మించి నింపడం లేదు. గ్యాస్ వాటర్ హీటర్ ఉన్న గరాజులో పెట్రోలు ఆవిరితో ఆటలాడకూడదు.

బండి 1986 షెవ్రోలే సీ10, లాంగ్ బెడ్ (వెనక సామాను తొట్టి పొడవుగా ఉండే రకం), 305 ఇంజిను, క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్, ఇంజినుకు బిగించిన మెకానికల్ పంపు. టెక్సస్‌లో ట్రెయిలర్ లాగుతూ పశ్చిమానికి వెళ్తుంటే గ్యాలన్‌కు 12, 13 మైళ్లకు మించి ఇవ్వదు. మారథాన్ దాటి బిగ్ బెండ్ జాతీయ పార్కు వైపు తిరిగాక ఆ పార్కు లోపలి పాంథర్ జంక్షన్ దాకా దాదాపు 70 మైళ్లు పెట్రోలు బంకు ఉండదు. 20 గ్యాలన్లతో ఆ దారిన పోయేటప్పుడు కళ్లు రోడ్డు మీద కంటే గేజి మీదే ఎక్కువ ఉంటాయి.

కంపెనీ పద్ధతిలో అయితే రెండో ట్యాంకు ఎడమ పక్కన, ఛాసిస్ పట్టాకు బయట రావాలి. దానికి కావలసిన పట్టీలు, ట్యాంకు, మూతి అన్నీ ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. నేను మాత్రం ఆ దారి వద్దనుకున్నాను. 1973 నుంచి 1987 దాకా వచ్చిన ఈ పికప్‌ల ట్యాంకులు ఛాసిస్‌కు బయట ఉండడం మీద అమెరికాలో ఎంత గొడవ జరిగిందో పాత ట్రక్కుల వాళ్లందరికీ తెలుసు. పక్కనుంచి గుద్దితే ట్యాంకుకూ గుద్దిన బండికీ మధ్య పల్చటి రేకు తప్ప మరేమీ లేదు. 1994 అక్టోబరులో రవాణా మంత్రి ఫెడెరికో పెన్యా దీన్ని భద్రతా లోపంగా ప్రాథమికంగా తేల్చారు. అదే డిసెంబరులో బండ్లను వెనక్కి పిలవకుండానే, భద్రతా కార్యక్రమాలకు జనరల్ మోటార్స్ 5.1 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చేలా రాజీ కుదిరింది. ఒక పక్క ఉన్న ప్రమాదాన్ని రెండో పక్కకూ తగిలించడం నాకు ససేమిరా ఇష్టం లేదు. కాబట్టి షెవ్రోలే వారి కే5 బ్లేజర్‌లో వచ్చే 31 గ్యాలన్ల ట్యాంకు తెచ్చి, వెనక ఇరుసు అవతల స్టెప్నీ వేలాడే చోట, రెండు పట్టాల మధ్య బిగించాను. స్టెప్నీ బెడ్‌లోకి వచ్చింది. పెట్రోలు పోసే మూతి బెడ్ లోపలి గోడకు వచ్చింది, పడవల్లో వాడే స్టీలు రకం. నిండితే వెనక 86 కిలోల బరువు పెరుగుతుంది, స్ప్రింగులు తట్టుకుంటున్నాయి. ఎక్కడా లీకు లేదు. బిగింపు గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు, అంత బాగా కుదిరింది.

చిక్కంతా ఆరు దారుల వాల్వు దగ్గర. రెండు ట్యాంకుల సరఫరా, రెండు ట్యాంకుల రిటర్న్ (ఇంజిను వాడగా మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి వచ్చే గొట్టం), ఇంజినుకు పోయేది, ఇంజిను నుంచి వచ్చేది, ఈ ఆరూ దాని ఒంట్లోనే కలుస్తాయి. లోపల చిన్న మోటారు ఒక వైపు తిరిగితే కుడి ట్యాంకు, రెండో వైపు తిరిగితే వెనక ట్యాంకు. గేజి వైరును కూడా అదే మారుస్తుంది.

మొదట అనుమానించింది వాలును. మా ఇంటి ముందు దారి గరాజు వైపు దిగుతుంది. నీళ్ల గొట్టంతో మట్టం చూస్తే ముందు చక్రాలు వెనక చక్రాల కంటే 8 అంగుళాలు కిందున్నాయి. ఈ బండి చక్రాల మధ్య దూరం 131.5 అంగుళాలు. ట్యాంకుల మధ్య దూరం 70 అంగుళాల దాకా ఉంటుంది కాబట్టి వాలు వల్లనే వెనక ట్యాంకు 4 అంగుళాలకు పైగా ఎత్తులో ఉన్నట్టు. ఆ ఎత్తు ఇచ్చే ఒత్తిడి 0.1 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మాత్రమే అయినా, రాత్రంతా తెరిచి ఉన్న దారికి అది చాలు. సమతలంగా ఉన్న వీధిలో ఆపి చూస్తే 18 ఓమ్‌ల బదులు 11 పెరిగింది. వాలు వేగాన్ని పెంచుతోంది, అంతే. అసలు కారణం అది కాదు.

తర్వాత కుడి ట్యాంకు మూత. రాత్రి చల్లబడితే సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి కుంచించుకుపోతుంది. మూత గాలి తీసుకోకపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి అవతలి పెట్రోలును లాగాలి. మూత కాస్త వదులు చేసి వదిలితే 41 నుంచి 57కు వచ్చింది. కాబట్టి అదీ కాదు.

ఇక్కడ నాకు భలే నచ్చిన ఆధారం ఒకటి దొరికింది. వెనక ట్యాంకులో ఇత్తడి కడ్డీ ముంచి చూస్తే, వాలులో ఆపినా సమతలంలో ఆపినా పెట్రోలు అడుగు నుంచి 6.5 అంగుళాల దగ్గరే ఆగిపోతోంది. రెండు ట్యాంకుల మట్టాలు సమానమై ఆగుతుంటే ఈ గుర్తు వాలును బట్టి మారాలి. మారలేదంటే ఏదో గొట్టం చివర అక్కడ బయటపడి, గాలి పీల్చుకుని, సైఫన్ తెగిపోతోందన్నమాట. సరఫరా గొట్టం అడుగుదాకా ఉంటుంది, దానికి ఈ కథ కుదరదు. సెండర్ పైకి తీసి కొలిస్తే రిటర్న్ గొట్టం చివర సరిగ్గా 6.5 అంగుళాల ఎత్తులో ఉంది!

రూఢి చేసుకోవడానికి గొట్టాలు నొక్కే క్లాంపు తీశాను. వెనక ట్యాంకు సరఫరా గొట్టాన్ని నొక్కి ఉంచిన రాత్రి 17 ఓమ్‌లు కదిలింది. రిటర్న్‌ను నొక్కి ఉంచిన రాత్రి అస్సలు కదల్లేదు. ఇంజిను నడుస్తున్నప్పుడు ఏం జరుగుతోందో చూద్దామని వెనక ట్యాంకు దగ్గర రిటర్న్ గొట్టం ఊడదీసి చివర సీసాలో పెట్టి, కుడి ట్యాంకు మీద నడిపాను. సీసాలో పడినవి కొన్ని చుక్కలే. పంపు తిప్పి పంపే పెట్రోలు సరైన ట్యాంకుకే పోతోంది. మూసుకోవలసిన రిటర్న్ దారి మాత్రం పూర్తిగా మూసుకోవడం లేదు.

వాల్వు తీసి బల్ల మీద పెట్టి చేతి వాక్యూమ్ పంపుతో 10 అంగుళాల పాదరసం దాకా లాగాను. మూసి ఉన్న సరఫరా దారి ఐదు నిమిషాలైనా సడలలేదు. రిటర్న్ దారి నిమిషంలోపే 2కు పడిపోయింది. అది పేరూ ఊరూ లేని చౌక వాల్వు. పొలాక్ వారి వాల్వు తెప్పించాను. పాత ట్రక్కులకు నా ఓటు దానికే. ఒళ్లు దిట్టంగా ఉంటుంది, కనెక్టరు కంపెనీ వైరింగ్‌కు సరిగ్గా కూర్చుంటుంది. బల్ల మీద బ్యాటరీ ఇచ్చి పరీక్షిస్తే అన్ని దారులూ 10 దగ్గరే నిలబడ్డాయి. బండికి బిగించాను. తెల్లారేసరికి 9 ఓమ్‌లు పెరిగింది.

బల్ల మీద కారని వాల్వు బండి కింద ఎందుకు కారుతోంది? రెండు చోట్ల తేడా కరెంటు ఒక్కటే. మోటారు తిరుగుతున్న ఆ రెండు మూడు సెకన్లలో కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు, స్విచ్చు నుంచి బయటికి 11.8, వాల్వు కనెక్టరు చేరేసరికి 10.7. తిరుగు దారిలో, డాష్‌బోర్డు ఎర్త్ దాకా ఇంకో 1.3 పోతోంది. అంటే మోటారుకు దక్కుతున్నది 9.4. నలభై ఏళ్ల నాటి స్విచ్చు, పాత వైరింగ్, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు, తలా కాస్త తినేస్తున్నాయి. నా ఊహ ఏమిటంటే మోటారు రబ్బరు సీళ్ల రాపిడిని దాటలేక చివరిదాకా పోకుండానే ఆగుతోంది. సరఫరా వైపు ముందు మూసుకుంటుంది, రిటర్న్ వైపు వెంట్రుకవాసి మిగిలిపోతుంది.

ఊహకు రుజువు కావాలి కదా. బండి కరెంటుతోనే వాల్వును కుడి ట్యాంకుకు మార్చి, దాన్ని కదపకుండా కనెక్టరు పీకి, విప్పి బల్ల మీదకు తెచ్చాను. రిటర్న్ దారిలో 10 నుంచి నిమిషంలో 6కు పడింది. అదే వాల్వుకు 12.6 వోల్టులు ఇచ్చి మళ్లీ అదే వైపు తిప్పితే చిన్నగా కదిలి, టిక్కుమని ఆగింది. తర్వాత 10 దగ్గర కదలకుండా నిలబడింది. ఆ చిన్న టిక్కు వినడానికి ఎంత హాయిగా ఉందో!

ఇప్పుడు పాత స్విచ్చు రెండు రిలేలను (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) మాత్రమే నడుపుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు వైరు, ఎర్త్‌కు నేరుగా బ్యాటరీ నెగటివ్. మోటారు రెండు వైపులా తిరగాలి కాబట్టి రిలేలు రెండు, ఒక్కొక్కటి ఐదు కాళ్లది. వైరును మధ్యలో కొరికి పట్టుకునే ప్లాస్టిక్ జాయింట్లు బండి కింద వాడకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక్క వర్షాకాలంలో పచ్చబడిపోతాయి. టంకం వేసి, జిగురున్న ష్రింకు గొట్టం తొడిగాను. వాల్వు దగ్గర ఇప్పుడు 12.1 వోల్టులు. గొట్టాలన్నీ గేట్స్ బారికేడ్ రకం, ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఇంతకంటే మంచిది నేను వాడలేదు. క్లాంపులు గొట్టాన్ని కోసే గీతల రకం కాకుండా గుండ్రంగా బిగిసేవి.

వెనక ట్యాంకు నిండా నింపి, వాలులోనే ఆపి చూసిన తాజా ఫలితం: 44 నుంచి 46.

పద్దెనిమిది నుంచి రెండుకు దిగింది, సంతోషమే. కానీ రెండు ఓమ్‌లంటే 0.4 గ్యాలన్. కొలతలో పొరపాటా అంటే, బెడ్ పట్టుకుని ఊపి మళ్లీ మళ్లీ కొలిచినా తేడా ఒక ఓమ్ కూడా రావడం లేదు. వేడికి పెట్రోలు ఉబ్బిందా అంటే, రాత్రి చల్లబడితే తగ్గాలి గాని పెరగకూడదు. పైగా 15 డిగ్రీల ఫారన్‌హీట్‌కు మారేది ఒక్క శాతమే. ఇప్పుడు నా కన్ను ఆవిరి గొట్టం మీద ఉంది. రెండు ట్యాంకుల ఆవిరి గొట్టాలూ ఒక టీ జాయింటు దగ్గర కలిసి ముందున్న బొగ్గు డబ్బాకు (పెట్రోలు ఆవిరిని పీల్చి పట్టి ఉంచేది) పోతాయి. బండి ముక్కు కిందికి వాలి, వెనక ట్యాంకు అంచుదాకా నిండి ఉంటే ద్రవమే ఆ దారిన దిగి రావచ్చు. అదే నిజమైతే బొగ్గు డబ్బా కూడా తడిసి పాడవుతుంది. ముందు దాన్ని తూకం వేయాలి, తర్వాత ఒక రాత్రి ఆ గొట్టాన్ని నొక్కి ఉంచాలి, మరో రాత్రి వెనక ట్యాంకును నాలుగింట మూడు వంతులకే నింపి చూడాలి.

ఆవిరి గొట్టం సంగతి ఎలా తేలినా వెనక ట్యాంకు రిటర్న్‌లో ఒకవైపే వదిలే వాల్వు ఒకటి పెడతాను. చౌకగా దొరికే అల్యూమినియంవి తెరుచుకోవడానికే 1, 2 పీఎస్ఐ అడుగుతాయి, అది నాకు పనికిరాదు. రిటర్న్‌లో అడ్డు పెరిగితే కార్బ్యురేటర్ సూది మీద ఒత్తిడి పెరుగుతుంది. ప్రస్తుతం అక్కడ గేజి 5.5 చూపిస్తోంది, 6.5 దాటనివ్వను. పైగా రిటర్న్ సరిగ్గా పారకపోతే టెక్సస్ ఎండల్లో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బండి మొరాయిస్తుంది. అర పీఎస్ఐకి లోపే తెరుచుకునేది, పెట్రోలుకు పనికొచ్చే సీలు ఉన్నది కావాలి. ఎవరైనా వాడి ఉంటే ఏ రకమో చెప్పండి.

చలికాలంలో కార్బ్యురేటర్ తీసేసి టీబీఐ (థ్రాటిల్ బాడీ) ఇంజెక్షన్‌కు మారాలని ఉంది. అక్కడ ఒత్తిడి 9 నుంచి 13 పీఎస్ఐ, రిటర్న్‌లో వెనక్కి తిరిగే పెట్రోలు ఇప్పటికంటే చాలా ఎక్కువ. ఈ రెండు ఓమ్‌లు తేలకుండా ఆ పని మొదలుపెట్టను. అది కుదిరితే పంపు బ్లేజర్ ట్యాంకు లోపలే ఉంటుంది. పక్క ట్యాంకును పూర్తిగా తీసేసి 31 గ్యాలన్లతోనే బండి నడపాలని కూడా ఒక ఆలోచన ఉంది. అప్పుడు ఆరు దారుల వాల్వు అవసరమే ఉండదు, పక్కనుంచి గుద్దుతారన్న భయమూ ఉండదు. ఈ వారం మాత్రం బొగ్గు డబ్బా తూకం.