అడిగితేనే వడ్డించే ఊళ్ళో మా పిల్లలు

మా ఇంట్లో రామెన్ పిచ్చి, అంటే జపాన్ వాళ్ళ చారు నూడుల్స్ పిచ్చి, నాది, మా ఆయనది కాదు. ఆయనది నెల్లూరు, ఆ ఊళ్ళో పుట్టి చేపల పులుసు వాసన కూడా పడని మనిషి, గుడ్డు సైతం ముట్టరు. నాది తెనాలి, ఎగిరేవాటిలో విమానం తప్ప అన్నీ తింటాను అని మా అన్నయ్య ఎక్కిరిస్తుంటాడు. ప్రేమ పెళ్ళి, అదో పెద్ద కథ, ఇక్కడొద్దు. పిల్లలు పుట్టకముందే కుదిరిన ఒప్పందం ఏంటంటే ఇంట్లో పొయ్యి మీద శాకాహారమే, గుమ్మం దాటాక ఎవరిష్టం వాళ్ళది, గొడ్డు మాంసం ఒక్కటి మాత్రం వద్దు. రామెన్‌లో ఎలాగూ గొడ్డు మాంసం అరుదు కాబట్టి నాకు పెద్ద ఇబ్బంది లేదు, ఇబ్బందంతా పంది దగ్గరే వచ్చింది, దాని గురించి తర్వాత చెప్తాను.

మేముండేది టోక్యోలో నిషి కసాయ్. 2000 ముందు వైటూకే, అంటే కంప్యూటర్లలో 2000 తేదీ సమస్య, టైంలో ఐటీ వాళ్ళు దిగినప్పటి నుంచీ ఇక్కడ మనవాళ్ళ మకాం, మినప్పప్పు కావాలన్నా కరివేపాకు కావాలన్నా నడిచెళ్ళి తెచ్చుకోవచ్చు. నా ఆఫీసు కయాబాచో వైపు, తోజాయ్ మెట్రో లైన్లో నేరుగా వెళ్ళిపోతాను. లంచ్‌కి పదకొండున్నరకే లేస్తాను, పన్నెండు దాటితే మంచి షాపుల ముందు సూట్లేసుకున్నోళ్ళ క్యూ తిరునాళ్ళలా ఉంటుంది. ఏం తినాలన్నది వాతావరణం బట్టి. వాన పడితే మిసో రామెన్, అంటే పులియబెట్టిన సోయా ముద్ద కలిపిన చారుది, ఎండాకాలంలో త్సుకెమెన్, అంటే నూడుల్స్ చల్లగా విడిగా ఇచ్చి చిక్కటి పులుసు పక్కన పెడతారు, ముంచుకుని తినాలి. ఇది ఇలా ఇంత పాపులర్ అవడానికి కారణం తైషోకెన్ అనే షాపులో యమగిషి కజుఓ అనే ఆయన, 1955లో మెనూలో పెట్టారట, అంతకుముందు వంటవాళ్ళు మిగిలిన నూడుల్స్‌ని అలా ముంచుకు తినేవారు. ఇక మనసు బాగోలేని రోజున నిబోషి రామెన్. ఎండబెట్టిన చిన్న చేపలతో కాచిన చారు అది, మొదటిసారి ఆ వాసనకి నాకు మా అమ్మమ్మ గారింట్లో ఎండు మెత్తళ్ళ పులుసు గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి, పక్కన కూర్చున్నాయన మిరియాలపొడి ఎక్కువైందేమో అనుకుని టిష్యూ పెట్టె నా వైపు జరిపాడు.

శనివారాలు పిల్లల్ని తీసుకెళ్తాను. పెద్దది నాలుగో క్లాసు, చిన్నోడు ఒకటో క్లాసు. అన్ని షాపులకీ పిల్లలతో వెళ్ళలేం, ఎనిమిది స్టూళ్ళు మాత్రమే ఉన్న కౌంటర్ షాపుల్లో చిన్నపిల్లల్ని రానివ్వమని బోర్డు పెట్టినవి కూడా ఉంటాయి, స్ట్రోలర్ లోపలికి పట్టదు కూడా. అందుకని టేబుళ్ళున్న షాపులు చూసుకోవాలి. అక్కడ పిల్లల కుర్చీ, చిన్న గిన్నె, ప్లాస్టిక్ ఫోర్క్ అడగకముందే తెచ్చిపెడతారు. అడగకుండా వచ్చేది అదీ మంచినీళ్ళే, మిగతావన్నీ అడిగితేనే.

ఈ అడగడం గురించే నేను రాయాలనుకున్నది.

మీరు రామెన్ షాపుకి వెళ్ళకపోతే ఎలా ఉంటుందో చెప్తా. గుమ్మం పక్కనే టికెట్ మెషిన్. డబ్బులు వేసి బటన్ నొక్కాలి, పైన ఎడమ చేతి మూలనున్న బటన్ మామూలుగా ఆ షాపు పేరుమోసిన ఐటమ్, చదవడం రానోళ్ళు అది నొక్కేస్తే సరి. మా చిన్నోడికి బటన్ నొక్కడమే పండగ, 2024 జూలైలో కొత్త నోట్లు వచ్చినప్పుడు చాలా షాపుల పాత మెషిన్లు ఆ నోట్లు తీసుకోలేదు, మెషిన్ మార్చాలంటే చిన్న షాపుకి చాలా ఖర్చు, అప్పుడు వీడు పాత వెయ్యి యెన్ నోట్లన్నీ పోగుచేసి పర్సులో దాచుకున్నాడు. సరే, టికెట్ కౌంటర్ మీద పెడితే వంటాయన ఒకటే ప్రశ్న అడుగుతాడు, నూడుల్స్ ఎంత గట్టిగా ఉండాలి అని, కొన్నిచోట్ల అదీ అడగడు. అంతే. గిన్నె వస్తుంది, తింటారు, గిన్నె ఎత్తి పైన అరుగు మీద పెట్టి టేబుల్ తుడిచి థాంక్స్ చెప్పి వెళ్ళిపోతారు. బాగుందా, ఇంకొంచెం వెయ్యనా, అప్పుడే చాలించావేం, ఇలాంటి మాట ఒక్కటి కూడా వినపడదు.

ఇంకా కావాలంటే కఏదమా, అంటే ఇంకో విడత నూడుల్స్, అని అరవాలి. హకాటా, అంటే ఫుకుఓకా ఊరి వైపు పద్ధతి అది. ఫుకుఓకాలో నగహమా చేపల మార్కెట్ దగ్గర పనివాళ్ళకి టైం ఉండదని సన్నటి నూడుల్స్ తొందరగా ఉడికేట్టు చేసేవారు, సన్నవి చారులో నానితే పాడైపోతాయి కాబట్టి ముందే ఎక్కువ వెయ్యకుండా మళ్ళీ కావాలన్నోళ్ళకి మళ్ళీ వేడిగా ఉడికించి చారులో వేస్తారు. మా పెద్దది ఏడేళ్ళప్పుడే స్టూలు మీద నిటారుగా కూర్చుని కఏదమా ఒనెగాయ్‌షిమాస్, ఇంకో విడత ఇవ్వండి ప్లీజ్, అంటే కౌంటర్లో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. నాకు చెప్పొద్దూ, మెడల్ తెచ్చినంత గర్వంగా అనిపించింది.

స్కూల్లో కూడా ఇదే పద్ధతి. 2005లో ఇక్కడ తిండి చదువు మీద ఒక చట్టమే వచ్చింది, అప్పటి నుంచి స్కూల్ భోజనం కూడా పాఠం కిందే లెక్క. పిల్లలే తెల్ల కోట్లు టోపీలు వేసుకుని క్లాసులో వడ్డిస్తారు. ఎక్కువ అనిపిస్తే తినడం మొదలెట్టకముందే వెళ్ళి తగ్గించుకోవచ్చు, ముట్టుకున్నాక మాత్రం మిగల్చకూడదు. మిగిలిపోయిన పుడ్డింగుకో జెల్లీకో కావాల్సినోళ్ళు చెయ్యెత్తి జాన్‌కెన్ (రాయి, కాగితం, కత్తెర ఆట) ఆడుకుని గెలిచినోళ్ళు తీసుకుంటారు. అంటే పిల్లకి బుర్రలో ఎక్కిందేంటంటే కావాలంటే నోరు తెరిచి అడగాలి, వద్దంటే ముందే చెప్పాలి, పళ్ళెం ఖాళీ చేస్తే నాకు చాలు అని అర్థం.

ఇప్పుడీ పిల్లని తీసుకెళ్ళి తెనాలిలో మా అమ్మ ముందు కూర్చోబెట్టండి.

మా అమ్మకి ఖాళీ కంచం కనబడితే పిల్లకి ఇంకా ఆకలి తీరలేదని. వెంటనే గరిటెడన్నం, దాని మీద పప్పు, పప్పు మీద నెయ్యి. ఇది ఒక్క మెతుకు మిగల్చకుండా తినేస్తుంది, మర్యాద కదా. మళ్ళీ ఖాళీ కంచం. మళ్ళీ గరిటె. నేను వంటింట్లోంచి వచ్చి చూసేసరికి పెద్దదానికి కళ్ళు తేలిపోతున్నాయి, అయినా నములుతూనే ఉంది. మధ్యలో ఒకసారి చిన్నగా చాలు అమ్మమ్మా అందట. తెనాలిలో మొదటి చాలు లెక్కలోకి రాదు, రెండోది కూడా అనుమానమే. మా అన్నయ్య పిల్లలైతే కంచం మీద రెండు చేతులూ అడ్డంపెట్టి ముందుకి వంగి అమ్మో వద్దు వద్దు అని వీధి చివరకి వినపడేట్టు అరుస్తారు, అది చూసి ఇది బిత్తరపోయింది, పెట్టే మనిషి మీద అలా అరవొచ్చా అని. రాత్రికి కడుపునొప్పి, వాము నీళ్ళు. పైగా మర్నాడు మా అమ్మ నాతో అన్నదేంటంటే పిల్ల పాపం ఎంత ఆవురావురుమని తింటోందో, అక్కడ నువ్వు సరిగ్గా పెడుతున్నావా లేదా అని.

ఇది నవ్వులాటగానే ఉంది కానీ దీనికి రెండో వైపు ఇక్కడ టోక్యోలోనే జరిగింది, అది మాత్రం నాకు నచ్చలేదు. మా ఇంటికి తెలిసినాయన, ఖమ్మం వాళ్ళు, ఒక ఆదివారం వచ్చారు. నేను ఫోన్లో ఉన్నాను. పెద్దది చక్కగా వెళ్ళి అంకుల్ టీ తాగుతారా అని అడిగింది. ఆయన మొహమాటానికి వద్దులేమ్మా అన్నారు. ఇది సరే అంకుల్ అని వెళ్ళి బొమ్మలు గీసుకుంటోంది. నేను ఫోన్ పెట్టి వచ్చేసరికి మనిషి ఉత్త మంచినీళ్ళ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఎందుకే టీ ఇవ్వలేదు అంటే, అడిగాను వద్దన్నారు అంది, అందులో తప్పేంటో దానికి నిజంగానే అర్థం కాలేదు.

మావారు అంటారూ, జపాన్ పిల్ల కదా మరి అని. నేను ఒప్పుకోను. ఎందుకంటే జపాన్ పెద్దవాళ్ళు కూడా అచ్చం మనలాగే, ఆ మాటకొస్తే మనకంటే ఎక్కువే. మా పక్కింటావిడకి నేను అరిసెలు పట్టుకెళ్తే అయ్యో ఎందుకండీ ఇవన్నీ అని రెండుసార్లు వెనక్కి తోసి మూడోసారికి తీసుకుంటుంది. ఆఫీసులో ఎవరైనా ఊరెళ్ళి తెచ్చిన స్వీట్ల డబ్బాలో చివరి ముక్క సాయంత్రం దాకా అలాగే పడుంటుంది, ఎవ్వరూ తియ్యరు. కాబట్టి అడిగితే పెట్టడం, వద్దంటే మానెయ్యడం అనేది ఇక్కడ స్కూల్లోనూ రామెన్ షాపులోనూ చెల్లుతుంది, మనుషుల ఇళ్ళల్లో కాదు. మా పిల్లలకి ఆ తేడా తెలియదు ఎందుకంటే వాళ్ళు జపాన్ ఇళ్ళల్లో భోజనానికి కూర్చున్నదే తక్కువ. రేపు ఇదే ఊళ్ళో ఉద్యోగం చేసుకోవాలన్నా ఎదుటి మనిషి వద్దన్న మాట వెనకాల ఏముందో పసిగట్టాలి కదా. ఆ విద్య మా అమ్మ దగ్గర ఉచితంగా దొరుకుతుంది, ఒక్క కడుపునొప్పి ఖర్చుతో.

అందుకని నేను మన కల్చర్ అది ఇది అని లెక్చర్లు పీకడం మానేసి చిట్కాలు నేర్పుతున్నా. తెనాలిలో కూర్చోగానే సగమే పెట్టు అని ముందే చెప్పు. చాలు అనేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టు, నవ్వుతూ పెట్టు. పెరుగన్నం దగ్గరికి తొందరగా వెళ్ళిపో, పెరుగు పడ్డాక పప్పు వెయ్యరు. ఇంటికొచ్చినోళ్ళు టీ వద్దంటే రెండోసారి అడుగు, లేకపోతే అడక్కుండా పెట్టుకొచ్చేసెయ్. ఇవన్నీ పెద్దది నోట్‌బుక్‌లో రాసుకుంది, అదీ జపాన్ పద్ధతే అనుకోండి.

పంది సంగతి చెప్తానన్నా కదా. చాషు అంటే రామెన్ మీద వేసే పంది మాంసం ముక్క, తొన్‌కొత్సు రామెన్‌లో అయితే చారే పంది ఎముకలది. మా అత్తయ్యగారు వీడియో కాల్‌లో ఏం తిన్నావురా అంటే చిన్నోడు రామెన్ అంటాడు, ఆవిడ మ్యాగీ అనుకుంటారు. ఒకరోజు పెద్దదాన్ని నేరుగానే అడిగారు అందులో ఏం వేస్తారే అని. అబద్ధం చెప్పమని నేనెప్పుడూ నేర్పలేదు, అది వరసగా చెప్పేసింది, వెదురు ముక్కలు, ఉల్లికాడలు, గుడ్డు, పంది. మావారు లాప్‌టాప్ వెనకాల తల దాచుకున్నారు. ఆవిడ కాసేపు ఆగి, సరేలే, నెల్లూరొచ్చినప్పుడు మాత్రం ఆ మాట ఎత్తకమ్మా, మీ తాతయ్య వింటే భోజనం ముందు నుంచి లేచిపోతారు అన్నారు. మళ్ళీ ఆ ఊసు తియ్యలేదు. నిజానికి మా ఒప్పందం కంటే ఆవిడ పెట్టిన షరతే చిన్నది.

ఆ తర్వాత ఆవిడ టోక్యో వచ్చినప్పుడు బయట తినిపించడం పెద్ద పరీక్ష. ఇక్కడ కూరగాయలు అని రాసున్నదాన్నీ నమ్మలేం, చారులో ఎండుచేప ఉంటుంది, సాస్‌లోనూ ఉంటుంది, మాంసం వద్దు అని చెప్తే పైన ముక్కలు తీసేసి అదే చారు పోసి ఇచ్చేవాళ్ళూ ఉంటారు, పాపం వాళ్ళకి అది మాంసం కింద లెక్క కాదు. చివరికి టోక్యో స్టేషన్లో టీస్ తన్‌తన్‌కి తీసుకెళ్ళాం, టికెట్ గేటు లోపల కెయ్యో లైన్ వైపు ఉంటుంది, అక్కడ మొత్తం మొక్కల తిండే. నువ్వుల ముద్దతో చేసిన తన్‌తన్‌మెన్, ఎర్రగా కారంగా. అత్తయ్యగారు రెండు పుల్లలూ పక్కన పెట్టి ఫోర్క్‌తో మొదలెట్టి చారు మొత్తం తాగేశారు. మా ఆయన కూడా రామెన్ తినడం పిల్లలు అప్పుడే చూశారు, ఇద్దరూ తినడం ఆపేసి ఆయన్నే చూస్తూ కూర్చున్నారు. అంతా అయ్యాక అత్తయ్యగారు అన్నారు, అంతా బాగానే ఉంది గానీ కడుపు నిండిందా అని ఒక్కరూ అడగరేమే అని. దానికి మా చిన్నోడు, వాళ్ళు అడగరు నానమ్మా, నువ్వే అడగాలి, అని ఆవిడ చెయ్యి పట్టుకుని పైకెత్తబోయాడు.

ఈ చలికాలం సెలవుల్లో హకాటా వెళ్దామని పెద్దది పట్టుబట్టింది, నొజొమి బుల్లెట్ రైల్లో ఐదు గంటల ప్రయాణం. నూడుల్స్ బరికతా (మరీ గట్టిగా) అడగాలా కతా (గట్టిగా) అడగాలా అని ఇప్పటి నుంచే తమ్ముడికి ట్రైనింగ్ ఇస్తోంది. మావారు పులిహోర కట్టుకుంటానంటున్నారు. షాపుల్లోకి బయట తిండి తీసుకెళ్ళకూడదు కాబట్టి ఆయన రైల్లోనే తినేసి వచ్చి మేం తింటుంటే బయట బెంచీ మీద కూర్చోవాలి, దానికి ఆయన ఒప్పుకున్నారు, పులిహోరలో జీడిపప్పు వెయ్యాలని షరతు.