నలభై డాలర్ల పోకెమాన్ ఫైలు: నాలుగు వారాల లెక్క

డాలస్‌లో మా వీధి చివర గరాజ్ సేల్‌లో ఒక పాత ఫైలు దొరికింది. నిండా పోకెమాన్ కార్డులే, ఆ కార్టూన్ బొమ్మలతో పిల్లలు ఆడుకునే, పెద్దలు దాచుకునే ఆట కార్డులు. నలభై డాలర్లు అన్నాడు, బేరం ఆడకుండా ఇచ్చేశాను. ఇంటికి తెస్తే మా ఆవిడ, "ఈ అట్టముక్కలకి నలభయ్యా!" అంది. అప్పటికి నా దగ్గరా సమాధానం లేదు.

మొదటి వారమంతా ఏరడమే సరిపోయింది. కార్డు కింద కుడి మూలన వృత్తం ఉంటే మామూలుది, డైమండ్ గుర్తు ఉంటే కాస్త అరుదు, నక్షత్రం ఉంటే అరుదు. పక్కనే 4/102 లాంటి నంబర్ ఉంటుంది. 102 అంటే అమెరికాలో 1999లో వచ్చిన మొట్టమొదటి సెట్, బేస్ సెట్. అందులో 1 నుంచి 16 దాకా నంబర్లవి హోలోలు, అంటే బొమ్మ తళతళలాడేవి. 130 అని ఉంటే 2000లో వచ్చిన బేస్ సెట్ 2. బొమ్మలు చాలావరకు అవే, ధర మాత్రం బాగా తక్కువ. నాకు బేస్ సెట్ హోలోలు అయిదు తేలాయి.

రెండో వారం గుండె ఆగినంత పనయింది. మచాంప్, 8/102. బొమ్మ కింద ఎడమ పక్కన నల్లటి ఫస్ట్ ఎడిషన్ ముద్ర, అంటే మొట్టమొదటి ముద్రణ అన్న గుర్తు, మామూలుగా అదుంటే ధర ఎక్కువ! రాత్రి పన్నెండింటికి ఆవిణ్ణి లేపి మరీ చూపించాను. తెల్లారి చదివితే తెలిసింది, మచాంప్ ప్యాకెట్లలో రాలేదు. ఇద్దరు ఆడుకునే స్టార్టర్ సెట్‌లో వచ్చింది, తర్వాతి ముద్రణల్లో కూడా దాదాపు అన్నిటి మీదా ఆ ముద్ర కొట్టేశారు. ఆ ముద్ర చూసి మోసపోయేవాళ్ళు చాలామందే ఉన్నారట. నేనూ చేరాను.

అసలు సరుకు అదే ఫైల్లో మూలన ఉంది. చాన్సీ, 3/102. ముద్ర లేదు. కానీ బొమ్మ చుట్టూ ఉండే చట్రానికి కుడి పక్కన నీడ కూడా లేదు. మామూలు ముద్రణలో అక్కడ సన్నటి బూడిదరంగు నీడ ఉంటుంది. లేనిదాన్ని షాడోలెస్ అంటారు, ఫస్ట్ ఎడిషన్ తర్వాత కొద్దికాలమే అచ్చయింది. అడుగున కాపీరైట్ వరుస చూస్తే అనుమానం తీరిపోతుంది: మామూలుదానిలో నింటెండో పేరుకి ముందు 1995, 96, 98 అని ఆగుతుంది, షాడోలెస్‌లో 99 కూడా ఉంటుంది. నా కళ్ళకి భూతద్దం లేకుండా కనిపించలేదు.

అందరూ అడిగే చారిజార్డ్ కూడా ఉంది. మా ఊళ్ళో కిరాణా కొట్టాయన అయిదొందల నోటుని వెలుతురుకి ఎత్తినట్టు, చీకటి గదిలో దాని వెనక ఫోన్ టార్చ్ పెట్టాను. కాగితం దీపంలా వెలిగిపోయింది. అసలు కార్డులో రెండు పొరల మధ్య ముదురు పొర ఒకటి ఉంటుంది, వెలుతురు అంతగా దాటదు. అదే కాలంనాటి చవక కార్డు ఒకటి పక్కన పెట్టుకుని పోల్చాలి, లేకపోతే ఏది ఎక్కువో ఏది తక్కువో తెలియదు. నాది నకిలీయే. వెనక నీలం కూడా వెలిసినట్టు ఉంది.

మూడో వారం ధర. ఈబేలో అమ్మేవాళ్ళు పెట్టిన ధర చూసి మురిసిపోకూడదు, అమ్ముడైనవి మాత్రమే వడకట్టి చూడాలి. అదే ముద్రణ, అదే స్థితి ఉన్నవి పది రాసుకుని, పైదీ కిందదీ కొట్టేసి మధ్యలో ఉన్నది పట్టుకున్నాను.

స్థితి దగ్గరే చాన్సీ దెబ్బతింది. పక్క మార్జిన్లు స్కేలుతో కొలిస్తే ఎడమ 3.2, కుడి 1.8 మిల్లీమీటర్లు. అంటే మొత్తంలో 64/36 శాతం, బొమ్మ మధ్యలో లేదన్నమాట. గ్రేడింగ్‌లో, అంటే కార్డు స్థితిని చూసి కంపెనీలు పదికి మార్కులు వేసే పద్ధతిలో, పదికి పది ఆశ అక్కడే పోయింది. వెనక నీలం అంచుల్లో రెండు చోట్ల తెల్లటి చుక్కలు. పైగా ఫైలు రింగు ఒత్తిడికి ఎడమ అంచున చిన్న సొట్ట, దీపం కింద ఏటవాలుగా తిప్పితేనే కనిపిస్తుంది. గ్రేడింగ్ ఫీజు, పోస్టేజీ, ఇన్సూరెన్స్ కలిపి చూస్తే గిట్టుబాటు కాదనిపించి పంపలేదు.

ఈ వారం ఆ పాత ఫైలు పారేసి, హోలోలన్నిటికీ ముందు మెత్తటి ప్లాస్టిక్ స్లీవ్, దాని మీద గట్టి ప్లాస్టిక్ తొడుగు, టాప్‌లోడర్ వేశాను. మచాంప్ మావాడు అడిగితే ఇచ్చేశాను, స్కూలు బ్యాగులో తిరుగుతోంది. చాన్సీ మాత్రం బీరువాలో, ఆవిడ నగల పెట్టె పక్కన. దానికి ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.