చివరిసారి ఎప్పుడు తిన్నారు?

ముస్సోరీ పక్కన లాండౌర్, రాత్రి తొమ్మిదిన్నర.

వేళ్లు ఇంకా కొంకర్లు పోతూనే ఉన్నాయి. రెండు రజాయిలు కప్పుకుని పెన్సిల్‌తో రాస్తున్నా. ఈ కోర్సులో అబ్బిన అలవాటే ఇది. చలికి పెన్ను మొరాయిస్తుంది, పెన్సిల్ మొరాయించదు.

రిఫ్రెషర్‌లో ఇవాళ రెండో రోజు. నా వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ కార్డు (ఆసుపత్రికి దూరంగా అడవుల్లో, కొండల్లో ప్రథమ చికిత్స చేసేవాళ్లకి ఇచ్చేది) గడువు రెండేళ్లు. మొదటిసారి తొమ్మిది రోజులు, దాదాపు 80 గంటలు నేర్పారు. రెన్యువల్‌కి మూడు రోజులు. ఇన్నేళ్లు ట్రెక్‌లు నడిపినవాడికి మళ్లీ ఈ పాఠాలేంటి, మూడు రోజుల సంపాదన దండగ అని డెహ్రాడూన్ నుంచి బస్సులో గొణుక్కుంటూనే వచ్చాను.

మధ్యాహ్నం దేవదారు చెట్ల కింద సీను పెట్టారు. 4,200 మీటర్ల క్యాంపు అనుకోవాలి. సాయంత్రం వేళ. గ్రూపులో ఒకాయన అడిగినదానికి పొంతనలేని జవాబులు చెబుతున్నాడు, తూలుతున్నాడు. ఆ పేషెంటు వేషం విజయవాడ నుంచి వచ్చిన ఎముకల డాక్టరు గారిది. బురదలో వెల్లకిలా పడుకుని, "ఎవరు బాబూ నువ్వు? బస్సు వచ్చేసిందా?" అని మొదలెట్టారు. నటన బాగా వంటబట్టింది ఆయనకి.

చుట్టూ ప్రమాదం ఏమైనా ఉందా, ఊపిరి, నాడి, అన్నీ వరసగా చూశాను. నాడి 120. మెడ వెనక చెయ్యి పెడితే తడి, చల్లగా. స్ప్రే బాటిల్‌తో నీళ్లు చల్లి ఉంచారన్నమాట. నోట్సులో "చెమట" అని రాసుకున్నా కూడా. మడమకి కాలివేలు ఆనిస్తూ గీత మీద నడిపిస్తే రెండో అడుగుకే పడిపోయారు. ఇంకేముంది, ఎత్తు మెదడుకి ఎక్కింది, వాపు వచ్చేసిందని తేల్చేశాను. ఆక్సిజన్, వాపు తగ్గించే డెక్సామెథసోన్ 8 మిల్లీగ్రాములు, వెంటనే కిందికి దించడం. మోయడానికి తాళ్లు కూడా అల్లించేశాను.

ఆరుగురం మోస్తూ ఓ వంద అడుగులు వెళ్లేసరికి అరచేతులు మండిపోయాయి. మా పాడేరు వైపు కర్రకి దుప్పటి కట్టి డోలీలో ఇద్దరే మోసుకుపోతారు, వాగులు కూడా దాటతారు. వాళ్ల భుజాలు ఎలా ఉంటాయో చిన్నప్పుడు చూశాను గానీ ఆ బరువేంటో ఇవాళే తెలిసింది.

సీను అయిపోయాక ఇన్‌స్ట్రక్టరమ్మ నన్నేమీ అనలేదు. డాక్టరు గారి వైపు చూసి తలూపిందంతే. ఆయన లేచి కూర్చుని, జాకెట్ లోపలి జేబులోంచి ఓ పాత పెన్ను తీసి చూపించారు. దానికి అతికించిన కాగితం మీద "ఇన్సులిన్" అని ఉంది.

షుగర్ పడిపోయింది. అంతే సంగతి. స్పృహలో ఉన్నాడు, మింగగలడు. నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు పట్టి ఓ పావుగంట చూస్తే తేలిపోయేది. ఆ ఎత్తులో తికమక కనిపిస్తే దించడం తప్పేమీ కాదు, దించాల్సిందే. కానీ ఆ పని చేసేలోపు చక్కెర వెయ్యడానికి అడ్డేముంది? చెమట అని నా చేత్తో నేనే రాసుకుని పక్కన పెట్టేశాను కదా, అది ఇంకా గుచ్చుతోంది.

ఆరు ప్రశ్నలు ఉంటాయి. ఏం బాధగా ఉంది, ఏమైనా పడదా, ఏం మందులు వాడుతున్నారు, పాత జబ్బులేంటి, చివరిసారి ఏం తిన్నారు, ఇది మొదలయ్యే ముందు ఏం జరిగింది. మూడోది, అయిదోది నా నోటికే రాలేదు. పేషెంటు చెప్పలేకపోతే టెంటులో పక్కవాణ్ణి అడగాలి, జేబులు వెతకాలి. కొత్తలో అడిగేవాణ్ణి. కొండల మీద ఏళ్లు గడిచేకొద్దీ ఏది చూసినా ఎత్తు జబ్బులాగే కనిపిస్తోంది.

చార్ దుకాన్ కొట్ల దగ్గర టీ తాగుతూ డాక్టరు గారు, "ఆసుపత్రిలో అయితే నేను అడగకముందే నర్సమ్మ షుగర్ చూసేస్తుంది తమ్ముడూ. నేనైనా ఆ ప్రశ్న మర్చిపోయేవాణ్ణే" అన్నారు. డాక్టర్లకి అయిదేళ్లలో 30 గంటల చదువు తప్పనిసరిట. ఏసీ హాల్లో భోజనం టైముకి సంతకాలు పెట్టి వచ్చేసే గంటలు కూడా అందులోనే అని నవ్వారు. ఈ కార్డు ఆయనకి అవసరమే లేదు. కేదార్‌కంఠ మీద ఓసారి తన పక్క టెంటులో కుర్రాడికి బాగాలేకపోతే, చేతిలో ఏ పరికరమూ లేక ఏం చెయ్యాలో తోచలేదట. అందుకొచ్చారు.

గదికొచ్చాక అమ్మకి ఫోన్ చేశాను. ఎత్తగానే "తిన్నావా?" అంది. ఫక్కున నవ్వాను. ఎందుకు నవ్వావని అడిగితే చెప్పలేకపోయాను.

రేపు పొద్దున ఎనిమిదింటికి ప్రాక్టికల్ పరీక్ష. పడుకోబోయే ముందు నా మందుల సంచీ విప్పి చూశా. ఎత్తు జబ్బుకి వాడే డైమాక్స్ స్ట్రిప్ గడువు దాటి నాలుగు నెలలయింది. గ్లూకోజ్ పొట్లం గట్టిపడి రాయిలా ఉంది, ఎప్పుడు కొన్నానో గుర్తులేదు. చార్ దుకాన్‌లో ఏడింటికల్లా ఎవరైనా తెరుస్తారేమో అడగాలి.