కోవిడ్ అని తేలాక డెంగీ సంగతి ఆలోచించలేదు: నా అనుభవం

తమ్ముడికి జ్వరం వచ్చిన రెండో రోజే కోవిడ్ పాజిటివ్ అని తేలింది. గొంతునొప్పి, దగ్గు, 103 జ్వరం అన్నీ దానికి సరిపోయాయి కాబట్టి ఇంకేమీ ఆలోచించలేదు, వేరే గదిలో పడుకోబెట్టి పారాసిటమాల్ ఇస్తూ, నాలుగు గంటలకోసారి ఆక్సిజన్ చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. కళ్ల వెనకాల నొప్పి, నడుం విరిగిపోతోందక్కా అని వాడు అంటున్నా అదీ కోవిడే అనుకున్నాను. ఒళ్లునొప్పులకి ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ ఇవ్వబోయి, ఖాళీ కడుపుతో వద్దులే అని ఆగాను. డెంగీలో ఆ మందు రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతుందని తర్వాత తెలిసింది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారిపోతుంది.

ఐదో రోజు పొద్దున జ్వరం దిగింది. హమ్మయ్య అనుకున్నాను. వాడు మాత్రం లేవలేకపోతున్నాడు, కడుపునొప్పి, ఆగకుండా వాంతులు. పళ్లు తోముకుని ఉమ్మితే బేసిన్‌లో ఎర్రటి చార. బీపీ పట్టీ విప్పాక చూస్తే మోచేతి మడత కింద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న ఎర్రటి చుక్కలు.

హాస్పిటల్లో కోవిడ్ అనగానే ముందు ఊపిరితిత్తులే చూశారు. నేను ఆ చుక్కలు చూపించాక డ్యూటీ డాక్టర్ గారు రక్తపరీక్ష, ఎన్‌ఎస్1 అనే డెంగీ పరీక్ష రాశారు. ప్లేట్‌లెట్లు 48 వేలు, డెంగీ పాజిటివ్. డెంగీకి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలని చూసే కార్డు టెస్టు ఒక్కటే నమ్మలేం, కోవిడ్ ఉన్నవాళ్లకి అది తప్పుగా డెంగీ చూపించిన కేసులు 2020లో సింగపూర్‌లో బయటపడ్డాయి, ఎన్‌ఎస్1 అయితే వైరస్ ప్రోటీన్‌నే పట్టుకుంటుంది అని ఆవిడే చెప్పారు.

అసలు కష్టం సెలైన్ దగ్గర మొదలైంది. డెంగీలో జ్వరం దిగే సమయంలోనే రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, సెలైన్ ఎక్కించకపోతే షాక్‌లోకి వెళ్లొచ్చు. అలాగని ఎక్కువ ఎక్కిస్తే ఆ నీరు ఊపిరితిత్తుల దగ్గర చేరుతుంది, వాడికి అవి అప్పటికే దెబ్బతిని ఉన్నాయి. ఒక రాత్రి ఆక్సిజన్ 94 నుంచి 91కి పడిపోయి, ఆయాసంగా ఉందక్కా అంటే, నర్సు వచ్చి డ్రిప్ చుక్కలు లెక్కపెట్టి తగ్గించింది. రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే హెమటోక్రిట్ పరీక్ష ఆరు గంటలకోసారి, ప్రతిసారీ మూత్రం కొలత. కోవిడ్‌లో కొందరికి ఇచ్చే రక్తం పలచన చేసే ఇంజెక్షన్ కూడా ప్లేట్‌లెట్లు పెరిగేదాకా ఆపేశారు. రెండు రోజులు గడిచాక, కారిన ప్లాస్మా తిరిగి రక్తంలోకి చేరుతోందని చెప్పి సెలైన్ తీసేశారు. అప్పటికి గాని నాకు కంటిమీద కునుకు పట్టలేదు.

ఇంకో విషయం, నాకు అస్సలు తట్టనిది. ఐసోలేషన్ అని తలుపు మూసి, గాలి ఆడాలని కిటికీలు బార్లా తెరిచాను. కోవిడ్‌కి అది మంచిదే, కానీ డెంగీ దోమ పగలు కుడుతుంది, జ్వరంలో ఉన్న మనిషిని కుడితే కొన్నాళ్లకి ఆ వైరస్‌ని ఇంకొకరికి అంటిస్తుంది. జ్వరం ఉన్న మనిషికి పగలు కూడా దోమతెర కట్టాలి, కిటికీలకి మెష్ ఉండాలి.

డిశ్చార్జ్ అయ్యాక ఇంటికి ఆరోగ్య సిబ్బంది రెండుసార్లు వచ్చారు. మొదట వచ్చినవాళ్లు దగ్గు ఎవరెవరికి ఉందని అడిగి రాసుకున్నారు, తర్వాత వచ్చినవాళ్లు నీళ్ల తొట్లు చూసి వెళ్లారు. కోవిడ్, డెంగీ రెండూ ఒకే మనిషికి వచ్చాయని ఇద్దరికీ నేనే చెప్పాల్సి వచ్చింది.