డాలస్ వాళ్ల పద్దులో ఆలస్యం కింద ఎంత రాయాలి?

అమెరికా ఫుట్‌బాల్‌లో చాలామంది బంతి చూస్తారు. నేను జీతాల లెక్క చూస్తాను. భీమవరంలో రొయ్యల రైతులకి పద్దులు రాసి బతికేవాణ్ణి, నా చూపు ఇంకెక్కడికి పోతుంది? మా అమ్మాయీ అల్లుడూ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటారు. డాలస్ కౌబాయ్స్ టీము ఆఫీసు, ప్రాక్టీసు మైదానం ఆ ఊళ్లోనే. అల్లుడుగారు ఓ టీషర్టు తెచ్చిచ్చి టీముని కూడా అంటగట్టేశారు. మ్యాచులు మనకి అర్ధరాత్రో తెల్లారగట్లో వస్తాయి కాబట్టి స్కోరు పొద్దున కాఫీతో చూసుకోవడమే. కాంట్రాక్టు వార్త వచ్చిందంటే మాత్రం కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చుంటాను.

ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్. ఈ లీగ్‌లో ఏ టీమైనా ఆటగాళ్లకి ఇచ్చే జీతాల మొత్తం ఒక హద్దు దాటకూడదు. దాన్నే క్యాప్ అంటారు. 1994లో మొదలైనప్పుడు అది 3.46 కోట్ల డాలర్లు. 2025 సీజన్‌కి 27.92 కోట్లు. లీగ్ రాబడిలో దాదాపు 48 శాతం ఆటగాళ్లకి చెందాలని వాళ్ల యూనియన్‌తో ఒప్పందం ఉంది. ఆ లెక్కలోంచే 32 టీములకీ ఒకే అంకె వస్తుంది. టీవీ డబ్బు పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది. కోవిడ్ దెబ్బకి 2021లో 19.82 కోట్ల నుంచి 18.25 కోట్లకి పడిపోయింది గానీ, ఆ తర్వాత మళ్లీ ఎగబాకడమే. అంటే కౌబాయ్స్ ఓనరు జెర్రీ జోన్స్ దగ్గర ఎంత డబ్బు మూలుగుతున్నా అందరు స్టార్లనీ కొనేసుకోవడం కుదరదు. 1989లో టీము కొన్నప్పటి నుంచీ జనరల్ మేనేజర్ కుర్చీ కూడా ఆయనదే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మరి హద్దు అంత గట్టిదైతే టీములు ఒక్కొక్కరికి అన్నన్ని కోట్లు ఎలా రాసిస్తున్నాయి? సైనింగ్ బోనస్ దగ్గర ఉంది కిటుకంతా.

మా దగ్గర ఉండి అనే ఊరి వైపు నాకో రైతు ఉన్నాడు. అయిదేళ్ల లీజుకి చెరువు తీసుకున్నాడు. పొక్లెయిన్ పెట్టి లోతు చేయించి, గట్లు కట్టించి, తూము మార్పించి, ఏరేటర్లకి కరెంటు లైను లాగించాడు. గుండ్రంగా పది లక్షలు అనుకుందాం. డబ్బు మొదటి ఏడే చేతిలోంచి పోయింది. పద్దులో మాత్రం ఏడాదికి రెండు లక్షల చొప్పున అయిదేళ్లకి సర్దుతాను. రెండేళ్లు తిరిగేసరికి చెరువుగలాయనకీ ఈయనకీ చెడి లీజు తెగిపోయింది. మిగిలిన ఆరు లక్షలూ ఆ ఏడాది పద్దులోనే పడ్డాయి. ఈయన నా టేబుల్ ముందు నిలబడి, "డబ్బెప్పుడో ఇచ్చేశాను కదండీ, మళ్లీ ఈ ఏడు ఆరు లక్షలు నష్టం ఏంటండీ?" అని ఒకటే గోల. వేలితో ఆ ఆరు లక్షల అంకె మీద కొడుతూనే ఉన్నాడు, కాగితం చిరిగిపోతుందేమో అన్నట్టు.

సైనింగ్ బోనస్ అచ్చం ఇదే. ఆటగాడి చేతికి డబ్బు ముందే వెళ్తుంది, క్యాప్ లెక్కలో గరిష్ఠంగా అయిదేళ్లకి సమానంగా పంచుతారు. 5 కోట్ల డాలర్లు బోనస్ అయితే ఏడాదికి కోటి. రెండేళ్లయ్యాక వాణ్ణి తీసేస్తే మిగతా 3 కోట్లు ఒక్కసారిగా మీద పడతాయి. దాన్ని డెడ్ మనీ అంటారు. జూన్ 1 తర్వాత తీసేసినట్టు చూపిస్తే కోటి ఈ ఏడూ రెండు కోట్లు వచ్చే ఏడూ రాసుకోవచ్చు, అంతే వెసులుబాటు. క్యాప్ చాలని ఏడాది స్టార్ జీతాన్ని కనీసానికి దించి మిగతాదంతా బోనస్ అని పేరు మార్చి రాబోయే ఏళ్లకి నెట్టేస్తారు. డబ్బు ఇవాళే చేతికొస్తుంటే ఆటగాడు ఎందుకు కాదంటాడు? ఒప్పందంలో ఏళ్లు చాలకపోతే వాయిడ్ ఇయర్స్ అని చేరుస్తారు. అంటే వాడు ఆడడని ఇద్దరికీ తెలిసి, పద్దు పంచుకోవడానికి మాత్రమే రాసుకునే ఏళ్లు. మన దగ్గర అలాంటి లీజు రాస్తే ఆడిటర్ చెంప పగలగొడతాడు.

ఇదంతా తెలిశాక నాకు అర్థమైంది ఒకటే. క్యాప్ వల్ల ఏ టీమూ చెడిపోవడం లేదు. ఎంత ఇచ్చారన్నదాని కన్నా ఎప్పుడు సంతకం పెట్టించారన్నదే టీముల మధ్య తేడా తెస్తోంది.

మా డాలస్‌నే తీసుకోండి. బంతి విసురుతూ ఆటంతా నడిపించేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. మా క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌తో బేరం తెగక 2020లో ఫ్రాంచైజ్ ట్యాగ్ వేశారు. అంటే ఏడాదికి లీగ్ లెక్కగట్టిన పెద్ద జీతం ఇచ్చి, బయటికి పోకుండా ఆపడం. అది 3.14 కోట్లు. ఆ సీజన్ అయిదో మ్యాచులో అతని చీలమండ విరిగింది. అయినా 2021 మార్చిలో నాలుగేళ్లకి 16 కోట్లు ఇచ్చారు, ఇంకోసారి ట్యాగ్ వెయ్యబోమని కూడా రాసిచ్చారు. 2024కి వచ్చేసరికి మళ్లీ అదే కథ. అతను వెళ్లిపోతే దాదాపు 4 కోట్లు డెడ్ మనీ, ఉంచుకోవాలంటే అడిగినంత ఇవ్వాలి. చివరికి సీజన్ మొదటి మ్యాచు రోజు పొద్దున నాలుగేళ్లకి 24 కోట్లు, ఏడాదికి 6 కోట్లు. లీగ్‌లో అంతవరకూ ఎవరికీ లేని జీతం. దానికి రెండు వారాల ముందే, విసిరిన బంతి అందుకునే మా రిసీవర్ సీడీ లాంబ్ సీజన్ ముందరి ప్రాక్టీసు క్యాంపుకి రాకుండా కూర్చుని నాలుగేళ్లకి 13.6 కోట్లు పట్టుకెళ్లాడు. ఆ జూన్‌లో మిన్నెసోటా వాళ్లు తమ రిసీవర్ జస్టిన్ జెఫర్సన్‌కి నాలుగేళ్లకి 14 కోట్లు ఇచ్చాక ధర అక్కడికి చేరుకుంది మరి.

లీగ్‌లో డాలస్ ఉన్న గ్రూపులోనే, అంటే అదే డివిజన్‌లో, ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఉన్నారు. వాళ్ల జనరల్ మేనేజర్ హౌవీ రోజ్‌మన్. తమ క్వార్టర్‌బ్యాక్ జెలెన్ హర్ట్స్‌కి 2023 ఏప్రిల్‌లోనే, పాత ఒప్పందం ఇంకో ఏడాది ఉండగా, అయిదేళ్లకి 25.5 కోట్లు ఇచ్చేశాడు. ఏడాదికి 5.1 కోట్లంటే ఆ రోజుకి అదే రికార్డు. అప్పుడు అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆ సెప్టెంబరుకే సిన్సినాటి వాళ్లు తమ క్వార్టర్‌బ్యాక్ జో బరోకి ఏడాదికి 5.5 కోట్లు ఇచ్చారు, మరుసటేడు మనవాళ్లు 6కి తీసుకెళ్లారు. హర్ట్స్ రేటు చవకైపోయింది. పైగా బోనస్‌లు పంచి రాసిన తీరు వల్ల 2024 క్యాప్ లెక్కలో అతని పేరు మీద పడింది కోటీ 35 లక్షల చిల్లరే. ఆ మిగులుతో మిగతా టీముని కట్టుకున్నారు. రిసీవర్లు డివాంటా స్మిత్, ఎ.జె. బ్రౌన్ ఇద్దరికీ 2024 ఏప్రిల్‌లోనే, జెఫర్సన్ కన్నా ముందే, పొడిగింపులు అయిపోయాయి. బ్రౌన్‌కైతే పాతదాంట్లో ఇంకా మూడు సీజన్లు ఉండగానే! ఆ సీజన్ చివర లీగ్ ఫైనల్లో, అదే సూపర్ బౌల్‌లో, కాన్సస్ సిటీని 40-22తో చితక్కొట్టింది ఈగిల్సే. డాలస్ 7 గెలిచి 10 ఓడింది. డాక్ తొడ కండరం దెబ్బతిని మధ్యలోనే ఆగిపోయాడనుకోండి, దాన్ని లెక్కల మీదకి నెట్టలేం.

అల్లుడుగారు దీనికి ఒప్పుకోరు. "తొందరపడితే రస్సెల్ విల్సన్ అవుతుంది మావయ్యగారూ" అంటారు. నిజమే, అదీ చిన్న దెబ్బ కాదు. డెన్వర్ వాళ్లు 2022లో ఆ క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకుని, ఒక్క మ్యాచూ ఆడించకుండానే, పాత ఒప్పందం రెండేళ్లు మిగిలి ఉండగానే అయిదేళ్లకి 24.5 కోట్లు రాసిచ్చారు. రెండు సీజన్లకే మొహం మొత్తి 2024 మార్చిలో పంపించేశారు. డెడ్ మనీ 8.5 కోట్లు, రెండేళ్లకి పంచితే మొదటి ఏడు 5.3. మా ఉండి రైతు చూస్తే తన ఆరు లక్షలకి సంతోషించేవాడు.

కానీ విల్సన్ అప్పటికి ముప్పై దాటినవాడు, వేరే టీములో పెరిగినవాడు. నేను ముందే సంతకం పెట్టించమంటోంది మన కళ్ల ముందు పెరిగిన పాతికేళ్ల కుర్రాళ్ల చేత. కాలేజీ కుర్రాళ్లని టీములు వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2011 నుంచి డ్రాఫ్ట్‌లో వచ్చే కొత్తవాళ్ల జీతాలు దాదాపు స్థిరంగా ఉంటాయి, మూడు సీజన్లు ఆడాకే పొడిగింపు అడగొచ్చు. మూడు సీజన్లు కళ్లారా చూశాక కూడా వాడెలాంటివాడో తెలియకపోతే జనరల్ మేనేజర్ ఎందుకు? అన్నట్టు, అంత డెడ్ మనీ నెత్తిన పెట్టుకుని కూడా డెన్వర్ 2024లో కొత్త కుర్రాడు బో నిక్స్‌తో ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. తక్కువ జీతం క్వార్టర్‌బ్యాక్ దొరికితే ఎంత పెద్ద బొక్కైనా పూడుతుంది.

ఇక అవతలి క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకే మా డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్. 2021 డ్రాఫ్ట్‌లో పన్నెండో వాడు. 2024 మొదట్లోనే పొడిగింపుకి అర్హుడు. అప్పటికి అతని పొజిషన్‌లో పై రేటు నిక్ బోసాది, ఏడాదికి 3.4 కోట్లు. జోన్స్ ఆగాడు. అదే పొజిషన్‌లో వేరే టీముల వాళ్లు, 2025 మార్చిలో మైల్స్ గారెట్ ఏడాదికి 4 కోట్లకి సంతకం పెట్టాడు, జులైలో టి.జె. వాట్ 4.1కి. జోన్స్ ఏజెంటుని పక్కన పెట్టి కుర్రాడితోనే మాట్లాడేశాననీ, పని అయిపోయిందనీ అనుకున్నాడు. ఏజెంటు ఎందుకు ఊరుకుంటాడు? ఆగస్టు మొదటి తారీకున పార్సన్స్ తనని వేరే టీముకి ట్రేడ్ చెయ్యమని బాహాటంగా అడిగేశాడు.

ఆ నెలాఖరు మా ఊళ్లో ఎలా ఉందో చెప్పాలి. వినాయక చవితి నాడే మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయి కూర్చుంది. పందిట్లో ప్రసాదం తింటున్నవాళ్లంతా కిలోకి వంద తూగే రొయ్యల, అంటే వంద కౌంటు, రేటు ఎంతకి దిగుతుందో అన్న టెన్షన్‌లో ఉన్నారు. పట్టుబడి పెట్టాలా, ఇంకో వారం మేత వెయ్యాలా అని నాకు ఫోన్ల మీద ఫోన్లు. ఆ మర్నాటి రాత్రి అల్లుడుగారి ఫోను. "అమ్మేశారండీ" అన్నారు. నేను రొయ్యలనుకున్నాను. ఆయన చెప్పింది పార్సన్స్ సంగతి. గ్రీన్ బేకి పంపించి, డ్రాఫ్ట్‌లో రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లూ (మొదటి వంతులో కుర్రాణ్ణి ఎంచుకునే అవకాశాలు), కెన్నీ క్లార్క్ అనే డిఫెన్స్ మనిషినీ తీసుకున్నారు. గ్రీన్ బే అతనికి నాలుగేళ్లకి 18.8 కోట్లు, ఏడాదికి 4.7 చొప్పున రాసిచ్చింది. బోసా రేటుకి ఇంకాస్త కలిపి ముందే ఇచ్చి ఉంటే? ఏడాదికి కోటి డాలర్ల దాకా మిగిలేది, మనిషీ మనదగ్గరే ఉండేవాడు.

రెండు పిక్‌లు వచ్చాయి కదా, క్యాప్ ఖాళీ అయింది కదా అని అల్లుడుగారు సర్దిచెప్పారు. రైతులు కూడా ధర దిగాక అలాగే అంటారు, చెరువు ఖాళీ అయింది కదండీ అని.

అలాగని డాలస్ వాళ్లకి ముందే పెట్టించడం చేతకాదనుకోవద్దు. పార్సన్స్ వెళ్లిన పది రోజుల్లోపే క్వార్టర్‌బ్యాక్‌కి కాపు కాసే గార్డు టైలర్ స్మిత్‌కి, ఇంకో రెండు సీజన్ల ఒప్పందం చేతిలో ఉండగానే, నాలుగేళ్లకి 9.6 కోట్లు రాసిచ్చారు. అలకల్లేవు, క్యాంపు ఎగ్గొట్టడాల్లేవు. గార్డు ఎవరో మామూలు అభిమానికి మొహం కూడా గుర్తుండదు. కెమెరాలు రాని బేరాలు డాలస్‌లో తొందరగా తెములుతాయని నా అనుమానం. అల్లుడుగారు దీనికి ఇంకా జవాబు చెప్పలేదు.